బెంగళూరులో మీ వివరాలు ఎవరికి, ఎంత ఇవ్వాలి: అద్దెకుండే తెలుగువారికి ఒక మార్గదర్శి

బెంగళూరుకు ఉద్యోగానికి వచ్చిన తెలుగువారిలో చాలామంది మొదటి జీతం అందుకోకముందే తమ ఆధార్ నకలును పీజీ (పేయింగ్ గెస్ట్ హాస్టల్) యజమానికి, ఆఫీసు హెచ్‌ఆర్ విభాగానికి, బ్యాంకుకు, సిమ్ కార్డు దుకాణానికి, ఆ తరువాత అద్దె ఇల్లు దొరికితే బ్రోకరుకు, ఇంటి యజమానికి, అపార్ట్‌మెంట్ సంఘానికి ఇచ్చేసి ఉంటారు. వీరిలో ఎవరికి ఆ నకలు నిజంగా అవసరం, ఎవరికి కాదు అన్న ప్రశ్న ఇచ్చేవారికీ తట్టదు, పుచ్చుకునేవారికీ తట్టదు. ఆ ప్రశ్నను ఎలా అడగాలో, అడిగాక ఏం ఇవ్వాలో, ఇచ్చేసినదాన్ని ఎంతవరకు వెనక్కి తీసుకోవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా ఒక కొలత పెట్టుకోవాలి. వివరాలు అడిగినవారు పోలీసులైనా, కంపెనీ అయినా, పక్కింటివారైనా మూడు విషయాలు తెలుసుకోవాలి: ఇది దేనికి, ఎంతకాలం ఉంచుకుంటారు, మీరు కాక ఇంకెవరు చూస్తారు. ఎవరైనా సరే ఇవే మూడు ప్రశ్నలు అని ఎందుకు అంటున్నానంటే, గోప్యత గురించి గట్టిగా మాట్లాడేవారు తమ వంతు వచ్చేసరికి వేరే కొలత తీయడం మనకు అలవాటైపోయింది. 2021 మే 18న కేంద్ర ఐటీ మంత్రిత్వ శాఖ వాట్సాప్‌కు లేఖ రాసి, దాని కొత్త గోప్యతా విధానం భారతీయ వాడుకరుల హక్కులను దెబ్బతీస్తుందని, దాన్ని ఉపసంహరించుకోవాలని కోరింది. వారం తిరిగేసరికి వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళి, ఒక సందేశాన్ని మొట్టమొదట ఎవరు పంపారో చెప్పి తీరాలంటున్న ప్రభుత్వ నిబంధన అదే వాడుకరుల గోప్యతను దెబ్బతీస్తుందని వాదించింది. నన్నడిగితే ఇద్దరూ ఎదుటివారి గురించి చెప్పింది నిజమే. ఆ విధానం విషయంలోనే 2024 నవంబరులో, మార్కెట్లో పోటీని కాపాడే కాంపిటీషన్ కమిషన్ వాట్సాప్ యజమాని అయిన మెటాకు 213.14 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఇక ప్రభుత్వం సంగతి చూస్తే, వాహనాల రిజిస్ట్రేషన్, డ్రైవింగ్ లైసెన్సుల సమాచారాన్ని 87 ప్రైవేటు కంపెనీలకు, 32 ప్రభుత్వ సంస్థలకు అందుబాటులో ఉంచి 65 కోట్ల రూపాయలు ఆర్జించినట్టు 2019 జులైలో రవాణా మంత్రిత్వ శాఖే రాజ్యసభకు తెలిపింది. మీ బండి ఇన్సూరెన్సు గడువు దగ్గరపడగానే ముక్కూమొహం తెలియనివారు ఫోన్ చేయడం మొదలుపెడితే మీకు కోపం రావడం సహజమే. వాహనాల సమాచారాన్ని అలా అందించే విధానాన్ని 2020లో, గోప్యతను కారణంగా చూపుతూ, రద్దు చేశారు.

ఆధార్ నకలు ఇచ్చే పద్ధతి

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా చెప్పింది. ఆ కేసు వేసిన జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి, ఈ ఊరి పెద్దమనిషే; 2024లో కన్నుమూశారు. 2018 సెప్టెంబరులో వచ్చిన ఆధార్ తీర్పు, ప్రైవేటు సంస్థలు ఆధార్ ధృవీకరణను కోరడానికి వీలు కల్పించిన సెక్షన్‌ను ఆ మేరకు కొట్టేసింది. 2019లో చట్టాన్ని సవరించి బ్యాంకులకు, టెలికాం కంపెనీలకు వాడుకరి స్వచ్ఛందంగా ఇస్తే తీసుకునే వెసులుబాటు తెచ్చారు. పీజీకి, ఇంటి యజమానికి, హోటల్‌కు సంబంధించినంతవరకు మీరు గుర్తుంచుకోవలసింది ఒక్కటే: అద్దెకు దిగేవారు ఎవరో తెలుసుకోవడం వారి బాధ్యతే గాని, ఆ పని డ్రైవింగ్ లైసెన్సుతోనో ఓటరు కార్డుతోనో కూడా అవుతుంది.

ఆధార్ తప్ప మరొకటి తీసుకునేది లేదని వారు భీష్మించుకుంటే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. మై-ఆధార్ పోర్టల్‌లోకి ఓటీపీతో వెళ్ళి, ఆధార్ డౌన్‌లోడ్ చేసుకునేటప్పుడు మాస్క్‌డ్ అన్న గడిని ఎంచుకుంటే మొదటి ఎనిమిది అంకెలు కనబడకుండా చివరి నాలుగే కనబడే పత్రం వస్తుంది. ఈ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉంటుంది కాబట్టి భద్రమే అనుకుని చాలామంది దాన్ని యథాతథంగా వాట్సాప్‌లో పంపిస్తారు. ఆ పాస్‌వర్డ్ ఆధార్‌లోని పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం కలిపినదే; మనవాళ్ళలో ఇంటిపేరు పొడి అక్షరంతో ముందు రాసి ఉంటే ఆ అక్షరం, దాని పక్కన చుక్క కూడా లెక్కలోకి వస్తాయి. మీ పేరూ వయసూ తెలిసినవారికి అది తాళమే కాదు. అందువల్ల ఫైలు కాకుండా కాగితం ఇవ్వండి, ఆ కాగితం మీద నీలి సిరాతో ఏటవాలుగా, ఫొటో అంచును, అక్షరాలను తాకేలా, ఎవరికి, దేనికి, ఏ తేదీన ఇస్తున్నారో రాసి సంతకం చేయండి. "గది అద్దె కోసం మాత్రమే" అన్న నాలుగు మాటలు నేరగాణ్ణి ఆపకపోవచ్చు. కానీ ఆ నకలు రేపు ఏ సిమ్ కార్డు దరఖాస్తులోనో తేలితే అది ఎక్కడి నుంచి పోయిందో చెప్పే సాక్ష్యం మీ చేతిలో ఉంటుంది.

ప్రింటు ఎక్కడ తీయిస్తారన్నది కూడా ముఖ్యమే. జెరాక్స్ షాపులో మీ ఫైలును వాట్సాప్‌లో పంపమంటారు. ప్రింటు వచ్చాక మీ ఫోన్‌లో సందేశం డిలీట్ చేసినా షాపు కంప్యూటర్లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఆ ఫైలు అలాగే ఉంటుంది. దాన్ని అక్కడా, రీసైకిల్ బిన్‌లోనూ తీసేయమని నిలబడి అడగాలి. వెనక వరుసలో జనం నిలబడి ఉంటే మొహమాటం వేస్తుంది; అందుకే నాలుగైదు ప్రింట్లు ఒకేసారి తీయించి ఇంట్లో పెట్టుకోవడం మేలు.

మారతహళ్ళిలోనో బీటీఎంలోనో పీజీ బల్ల దగ్గర జరిగే సంభాషణ దాదాపు ఇలా ఉంటుంది. యజమాని కూడా చాలాసార్లు తెలుగువారే కాబట్టి మాట కలపడం తేలిక. "అన్నా, నంబరు మొత్తం కనబడని ఆధార్ ప్రింటు తెచ్చాను, ఇది ప్రభుత్వ వెబ్‌సైటు ఇచ్చిందే. ఇది పెట్టుకోండి, ఫోన్‌లో ఫొటో మాత్రం తీయకండి" అంటే, "పోలీసోళ్ళు వస్తే ఫుల్ నంబరు అడుగుతారు తమ్ముడూ" అన్న జవాబు వస్తుంది. "వాళ్ళొచ్చిన రోజు కబురు చెయ్యండన్నా, నేనే వచ్చి ఒరిజినల్ చూపిస్తాను, నా నంబరు రిజిస్టరులో ఉందిగా" అని చెప్పి ఊరుకోండి. ఫొటో వద్దనడమే ఇందులో అసలు విషయం. బల్ల మీది ఫోన్‌లో తీసిన ఫొటో మేనేజరు వాట్సాప్‌కు, అక్కణ్ణుంచి పీజీ సిబ్బంది గ్రూపుకు పోతుంది, ఆ గ్రూపులో పని మానేసినవారు కూడా మిగిలే ఉంటారు.

ప్రభుత్వమే ఈ సలహా ఇవ్వవలసింది గదా అనిపిస్తే, ఇచ్చింది, రెండు రోజులు. 2022 మే 27న ఆధార్ సంస్థకు చెందిన బెంగళూరు ప్రాంతీయ కార్యాలయమే, ఆధార్ నకళ్ళు ఎవరికి పడితే వారికి ఇవ్వవద్దని, మాస్క్‌డ్ ఆధార్ వాడమని ప్రజలను హెచ్చరిస్తూ ప్రకటన ఇచ్చింది. అది అపార్థాలకు తావిస్తుందంటూ 29న కేంద్రం దాన్ని వెనక్కి తీసుకుంది. అంతకు ఐదేళ్ళ ముందు, 2017 మేలో, ఈ నగరానికే చెందిన సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ పరిశోధకులు నాలుగు ప్రభుత్వ పోర్టళ్ళలో సుమారు 13 కోట్ల ఆధార్ నంబర్లు బహిరంగంగా కనబడుతున్నాయని నివేదిక ఇచ్చారు. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వే, ఒకటి చంద్రన్న బీమా, మరొకటి ఉపాధి హామీ చెల్లింపులది. ఆధార్ నంబర్లను బహిరంగంగా ప్రచురించకూడదని ఆధార్ చట్టమే అంటుంది. అయితే ఆధార్ సంస్థ నోటీసు ఆ సంగతి చెప్పిన పరిశోధక సంస్థకు వెళ్ళింది.

వేలిముద్రకు తాళం

ఆధార్‌తో అనుసంధానమైన బ్యాంకు ఖాతా నుంచి వేలిముద్రతో డబ్బు తీసుకునే ఏఈపీఎస్ పద్ధతిలో ఓటీపీ అవసరం లేదు. బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర చాలు. రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లో ఆ చివరి రెండూ ఒకే కాగితం మీద దొరుకుతాయి. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి భూముల దస్తావేజుల నుంచి వేలిముద్రలు తీసి రబ్బరు ముద్రలు చేసిన కేసు బయటపడింది. 2023లో బెంగళూరులోనూ సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో స్థలం రిజిస్టరు చేయించుకున్నవారి ఖాతాల్లోంచి ఇదే పద్ధతిలో డబ్బు పోయిన ఫిర్యాదులు వచ్చాయి. కాబట్టి ఇక్కడ ఫ్లాటు కొన్నవారు, ఊళ్ళో పొలం రాయించుకున్నవారు ఈ పని ఇవాళే చేయాలి: ఆధార్ సంస్థ యాప్‌లోగాని మై-ఆధార్ పోర్టల్‌లోగాని బయోమెట్రిక్ లాక్ పెట్టండి. కొత్త సిమ్ కొనేటప్పుడో మరెక్కడైనా వేలిముద్ర వేయవలసి వచ్చినప్పుడో కొద్ది నిమిషాలపాటు తెరిచే వీలుంది, ఆ తరువాత దానంతట అదే మళ్ళీ మూసుకుంటుంది. అదే పోర్టల్‌లో గడిచిన 6 నెలల్లో మీ ఆధార్‌ను ఎవరెవరు ధృవీకరణకు వాడారో చూపే చరిత్ర ఉంటుంది. అందులో మీకు తెలియని సంస్థ పేరు కనబడితే ఆధార్ సహాయ నంబరు 1947కు ఫోన్ చేయండి, డబ్బు పోయి ఉంటే ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి చేయండి.

ఒక జాగ్రత్త. ఊళ్ళో ఉన్న అమ్మానాన్నల ఆధార్‌కు ఇక్కడి నుంచి తాళం వేసేసి చెప్పడం మరిచిపోతే, నెల మొదట్లో పింఛను ఇచ్చేవారి దగ్గరో రేషను దుకాణంలోనో వారి వేలిముద్ర పడదు. వేలు అరిగిపోయిందేమో అని వారు నూనె రాసుకుని మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తారు తప్ప, బెంగళూరులో కొడుకు చేసిన పని అని వారికి తోచదు. వారి విషయంలో లాక్ కన్నా, ఆధార్‌తో ముడిపడిన ఖాతాలో పెద్ద మొత్తం ఉంచకపోవడమే ఉత్తమం.

ఫోన్, దుకాణం, విమానాశ్రయం

ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో పర్మిషన్ మేనేజర్ తెరిచి కాంటాక్ట్స్, లొకేషన్, మైక్రోఫోన్ అన్న మూడు చోట్లా ఏ యాప్‌లు ఉన్నాయో చూడండి. కాంటాక్ట్స్ జాబితాను ఒక యాప్‌కు ఇవ్వడమంటే మీ సమాచారం కాదు, మీ పిన్నిది, మీ పాత ఇంటి యజమానిది ఇవ్వడం. అందుకు వారి అనుమతి మీరు తీసుకోలేదు. అప్పులిచ్చే యాప్‌లు కాంటాక్ట్స్, కాల్ లాగ్, ఫొటోల జోలికి పోకూడదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరు మార్గదర్శకాల్లోనే స్పష్టంగా చెప్పింది కాబట్టి, అలా అడిగిన యాప్ నుంచి రూపాయి కూడా తీసుకోకండి. దుకాణంలో బిల్లుకు ఫోన్ నంబరు అడిగితే, నంబరు లేనిదే బిల్లు ఇవ్వమనడం తగదని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలో చెప్పిందన్న మాట గుర్తుచేయండి. అయినా కంప్యూటరు ముందుకు పోవడం లేదన్న జవాబు వస్తే, ఆ కుర్రవాడితో పోట్లాడి లాభం లేదు, మేనేజరును పిలిపించండి.

మీ పేరుతో ఎన్ని సిమ్ కార్డులు ఉన్నాయో కేంద్ర టెలికాం శాఖ నడిపే సంచార్ సాథీ పోర్టల్‌లో చూసుకోవచ్చు. అందులోని ఈ సేవ 2021లో మొదట తెలుగు రాష్ట్రాల్లోనే మొదలైంది, నిజంగా పనికొచ్చేది. అయినా సంచార్ సాథీ యాప్‌ను ప్రతి కొత్త ఫోన్‌లోనూ ముందే పెట్టి అమ్మాలని 2025 నవంబరు చివరలో టెలికాం శాఖ కంపెనీలను ఆదేశించినప్పుడు దేశమంతా అభ్యంతరం చెప్పింది, డిసెంబరు 3న ఆ ఆదేశాన్ని ఉపసంహరించారు. మంచి సేవను మనం తెరిచి వాడుకోవడం వేరు, అది అడగకుండా వచ్చి జేబులో కూర్చోవడం వేరు. మీరు పోర్టల్‌ను బ్రౌజరులోనే తెరవండి.

కెంపేగౌడ విమానాశ్రయంలో 2022 డిసెంబరు 1 నుంచి డిజీ యాత్ర ఉంది. ముఖం చూపించి లోపలికి పోయే ఈ పద్ధతి స్వచ్ఛందమని ప్రభుత్వం పదేపదే చెప్పింది గాని, ప్రవేశద్వారం దగ్గర సిబ్బంది "ఇటు రండి సార్, త్వరగా అవుతుంది" అంటూ అటువైపే నడిపిస్తారు. ఇష్టం లేకపోతే బోర్డింగ్ పాసు, గుర్తింపు కార్డు చేతిలో పట్టుకుని మామూలు వరుసలోకి వెళ్ళండి. కారణం చెప్పవలసిన పని లేదు. పండగ రోజుల్లో హైదరాబాదు, విజయవాడ, తిరుపతి విమానాలకు రద్దీగా ఉంటుంది కాబట్టి అరగంట ముందు బయలుదేరండి.

వీధిలో ఉన్న కెమెరాల విషయంలో మీ అనుమతిని ఎవరూ అడగరు. నిర్భయ నిధితో చేపట్టిన సేఫ్ సిటీ ప్రాజెక్టు కింద నగరంలో వేల కెమెరాలు వచ్చాయి. స్త్రీల భద్రత అన్న ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. రాత్రి షిఫ్టు ముగించుకుని సిల్క్ బోర్డు దగ్గర దిగే ఆడపిల్లకు ఆ కెమెరా ధైర్యమే. అయితే ఆ దృశ్యాలు ఎన్ని రోజులు ఉంచుతారు, ఎవరు చూడవచ్చు, ముఖాలను గుర్తించే సాఫ్ట్‌వేరు వాడే ఉత్తర్వు ఏది, నిర్వహణ ఏ కంపెనీది అన్నవి అడగదగిన ప్రశ్నలే. సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో అడగండి. కర్ణాటక నిబంధనల ప్రకారం ఒక దరఖాస్తులో ఒకే విషయం, మామూలుగా 150 మాటలకు మించకుండా ఉండాలి. మన అలవాటు ప్రకారం పూర్వాపరాలన్నీ రాస్తే ఆ కారణంతోనే తిరగ్గొడతారు. కాబట్టి పలకరింపులు, ఉపోద్ఘాతం లేకుండా ప్రశ్నలే రాయండి.

చట్టం దగ్గర మీకు ఏముంది

2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టానికి 2025 నవంబరులో నిబంధనలు వెలువడ్డాయి. మీ సమాచారాన్ని చూపించమని, తొలగించమని కంపెనీని అడిగే హక్కులు అమలులోకి రావడానికి నిబంధనలు వచ్చినప్పటి నుంచి 18 నెలల గడువు పెట్టారు, అంటే 2027 మే దాకా ఆగాలి. సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారం పేరుతో వివరాలు నిరాకరించడాన్ని సులువు చేసిన సవరణకు మాత్రం ఒక్క రోజు గడువు కూడా అవసరం పడలేదు, వెంటనే అమలులోకి వచ్చింది. భద్రతలో విఫలమైన సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పడవచ్చు, కానీ అది ప్రభుత్వ ఖజానాకు పోతుంది, నష్టపోయినవారికి ఇందులో పరిహారం లేదు. తప్పుడు ఫిర్యాదు చేసిన పౌరుడికి 10,000 రూపాయల దాకా జరిమానా ఉంది. కేంద్రం నోటిఫై చేసిన ప్రభుత్వ సంస్థలకు దేశ భద్రత, శాంతిభద్రతల వంటి కారణాలతో చట్టం నుంచే మినహాయింపు ఉంది.

అంతదాకా చేతులు ముడుచుకుని కూర్చోనవసరం లేదు. ఐటీ చట్టం కింద 2011లో వచ్చిన నిబంధనలు ఇంకా ఉన్నాయి. బ్యాంకు వివరాలు, బయోమెట్రిక్, ఆరోగ్య వివరాల వంటి సున్నితమైన సమాచారాన్ని అవసరానికి మించి ఉంచుకోకూడదని, ఇచ్చిన అనుమతిని రాతపూర్వకంగా వెనక్కి తీసుకునే వీలు ఉండాలని, ఫిర్యాదుల అధికారి నెల రోజుల్లో పరిష్కరించాలని అవి చెబుతాయి. ఉద్యోగం మానేసిన కంపెనీకి, వాడడం మానేసిన ఆరోగ్య యాప్‌కు ఆంగ్లంలోనే చిన్న ఈమెయిల్ పంపండి: ఏ తేదీన ఏం ఇచ్చారో, ఆ పని ముగిసింది కాబట్టి అనుమతిని వెనక్కి తీసుకుంటున్నట్టు, చట్టం ఉంచమన్నవి తప్ప మిగతావి తొలగించి ఆ సంగతి రాసి పంపాలని నాలుగు వాక్యాలు చాలు. యాప్‌ను ఫోన్‌లోంచి తీసేస్తే ఖాతా పోదు. ఖాతాను మూసిన తరువాతే యాప్ తీయాలి. ఈ 2011 నిబంధనలు వర్తించేది కంపెనీలకే, ప్రభుత్వ శాఖలకు కాదు. ఇక్కడా ప్రభుత్వానికి మినహాయింపే.

అపార్ట్‌మెంట్ గేటు దగ్గర

పైన చెప్పిన ప్రభుత్వానికీ కంపెనీలకీ మనం ఏం తీసిపోలేదు. గేటు యాప్‌లో మన ఇంటికి ఎవరు ఎప్పుడు వచ్చారో నమోదవుతోందని బాధపడే కుటుంబమే, అనంతపురం నుంచో రాయచూరు నుంచో వచ్చి పనిచేసుకునే మనిషి ఫొటో, పూర్తి ఆధార్, రోజూ లోపలికి వచ్చే వేళ, బయటికి పోయే వేళ, ఆమె పనికి ఇచ్చిన చుక్కల (స్టార్) మార్కులు వందల ఇళ్ళవారికి కనబడుతుంటే సౌకర్యం అనుకుంటుంది. ఆమెను ఎవరూ ఏ గడిలోనూ టిక్కు పెట్టమని అడగలేదు. "ఏందమ్మా ఇది, నా ఫొటో ఎవరెవరు చూస్తారు" అని ఆమె అడిగితే జవాబు చెప్పగలిగే స్థితిలో యజమానురాలు కూడా ఉండదు.

ఇక్కడ మీ మాట చెల్లే అవకాశం ఎక్కువ. సంఘం సర్వసభ్య సమావేశానికి ముందు కార్యదర్శికి రాతపూర్వకంగా ఈ అంశాలను చర్చకు పెట్టమని పంపండి. పనివారి నుంచి మాస్క్‌డ్ ఆధార్ మాత్రమే తీసుకోవాలి, దాన్ని ఎందుకు తీసుకుంటున్నారో వారి భాషలో చెప్పాలి. మార్కులు, వ్యాఖ్యలు తీసేయాలి. పని మానేసినవారి వివరాలు మానేసిన నెలలోనే తొలగించాలి. రాకపోకల జాబితా నెల రోజులకు మించి ఉంచకూడదు, మొత్తం జాబితాను దించుకునే అధికారం కమిటీలో ఇద్దరికి మించి ఉండకూడదు. యాప్ కంపెనీతో ఒప్పందంలో ఈ సమాచారాన్ని ప్రకటనలకు వాడకూడదన్న షరతు ఉండాలి. లేకపోతే ఒప్పందం పునరుద్ధరించే సమయంలో చేర్పించాలి. "దొంగతనం జరిగితే ఎవరు బాధ్యులు" అని ఎవరో ఒకరు తప్పక అంటారు. గేటు దగ్గర కెమెరా ఎలాగూ ఉంది, పోలీసులు అడిగితే నెల రోజుల దృశ్యాలు ఇవ్వవచ్చు, చుక్కల మార్కులతో దొంగ దొరకడు అని చెప్పండి.

ఇల్లు ఖాళీ చేసేటప్పుడు యాప్‌లో మీ ఫ్లాటు నుంచి మీ పేరే కాక మీ డ్రైవరు, వంటమనిషి, మీరు నిత్య అతిథులుగా చేర్చిన బంధువుల పేర్లు కూడా తీయించండి. యాప్ లేకుండా గేటు దగ్గర రిజిస్టరు పుస్తకం వాడే భవనమైతే, నిండిన పుస్తకం ఏమవుతోందో సెక్యూరిటీ గార్డును అడగండి. పేర్లు, ఫోన్ నంబర్లు, ఫ్లాటు నంబర్లతో సహా అది పాత పేపర్లతోపాటు తూకానికి పోతుంటే, ఆఫీసు ష్రెడ్డర్‌లో వేయించే బాధ్యత కమిటీలో ఒకరికి పేరు పెట్టి అప్పగించండి.